తోటలో ఎవరిని పిలిచాడు

ఆదివారం పొద్దున ఎనిమిది కాకముందే మా చర్చి వెనక రేకుల షెడ్డు తాళం తీసి చాపలు పరిచేది నేనే. పెళ్లయి గోదావరిఖని వచ్చిన కొత్తలో ఎవరో రెండు వారాలు చూసుకోమంటే ఒప్పుకున్నాను, అప్పటినుంచీ సండే స్కూలు నా చేతిలోనే ఉంది. పెద్దవాళ్ల ఆరాధన మొదలయ్యేలోపు కాలనీ పిల్లలందరికీ పాటలు, వాక్యాలు, బైబిలు కథలు నేర్పాలి. మాకు పిల్లలు పుట్టలేదు. కరీంనగర్ దవాఖానలు అయ్యాయి, హైదరాబాద్ దవాఖానలు అయ్యాయి, ఇక చాలు అనుకున్నాం. జాలి పడమని చెప్పడం లేదు. నాకు జాలి అంటే ఒళ్లు మంట. కానీ ఆ షెడ్డులో ఒకడు ముక్కు తుడవమని వస్తాడు, ఒకతె జడ ఊడగొట్టుకుని మళ్లీ వెయ్యమని వీపు తిప్పి కూచుంటుంది, అందరూ ఒకేసారి టీచరమ్మా అని అరుస్తారు. వారమంతా నేను ఆ గంటన్నర కోసమే బతికేదాన్ని. దాన్ని నా దగ్గర్నుంచి లాక్కోబోతే ఊరుకుంటానా? లాక్కోబోయారు. అది కూడా త్రిత్వం పేరు చెప్పి!

ఆ వారం పాఠం అదే. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ముగ్గురు. దేవుడు మాత్రం ఒక్కడే. చర్చిలో పుట్టి పెరిగినవాళ్లం, ఈ మాటను అన్నం తిన్నంత సులువుగా అనేస్తాం. పిల్లలకు అంత సులువుగా మింగుడుపడదు. ముందు వరసలో కూచునే ఒక పిల్ల ఉంది, వాళ్ల నాన్న బాయిలో మైనింగ్ సర్దార్, కార్మికుల చేత పని చేయించే మనిషి. బాయి అంటే మా దగ్గర బొగ్గు గనే. ఆ పిల్లకు నోట్లో నువ్వు గింజ నానదు. చెయ్యి ఎత్తకుండానే లేచి నిలబడింది.

"ముగ్గురుంటె ఒక్కడెట్లయితడు టీచరమ్మా? గిట్ల రాస్తె లెక్కల సారు కొడ్తడు."

పిల్లలంతా కిసకిసా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఏం చెప్పాలా అని ఒక్క క్షణం తడుముకుని, "మీ నాయిన డ్యూటీల ఎవలు?" అని అడిగాను. సర్దార్ అంది. "ఇంట్ల?" నాయిన అంది. "మీ నాయినమ్మకు?" కొడుకు అంది. "మరి మీ ఇంట్ల ముగ్గురు మొగోళ్లున్నరా?" అంటే, "లేరు, ఒక్కడే!" అని చప్పట్లు కొట్టింది. "గట్లనే దేవుడు" అన్నాను. ఎంత బాగా చెప్పానో అని నాకు నేనే మురిసిపోయాను. ఆ రోజు మా ఆయనకు అన్నం పెడుతూ కూడా అదే చెప్పాను. ఆయన ఫిట్టరు, సెకండ్ షిఫ్టుకు తయారవుతూ సగం చెవితో విని, "మంచిగనే ఉన్నది" అని టిఫిను డబ్బా పట్టుకుని పోయాడు.

ఆ పిల్ల ఇంటికెళ్లి వాళ్లమ్మ ముందు అంతా అప్పజెప్పింది. ఆ తల్లి ముద్దుగా ఉందని సెల్‌ఫోన్‌లో వీడియో తీసింది. తీసి ఊరుకుందా, చర్చి గ్రూపులో పెట్టింది. అక్కడి నుంచి అది ఎన్ని చేతులు మారిందో దేవుడికే తెలియాలి.

ఇక్కడ మా చర్చిలో అప్పటికే రగులుతున్న గొడవ చెప్పాలి. ఎండాకాలంలో మందమర్రి నుంచి ఒక పాస్టరు వచ్చి మా కాలనీ చివర్న టెంటు వేసి కూటాలు పెట్టాడు. దేవుడు ఒక్కడే, ముగ్గురు లేరు, ఆ ఒక్కడే తండ్రిగా ఉన్నాడు, ఆయనే యేసుగా వచ్చాడు, ఆయనే ఆత్మగా పని చేస్తున్నాడు అన్నది వాళ్ల బోధ. బాప్తిస్మం కూడా యేసు నామంలోనే తీసుకోవాలి, తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేరున మునిగినది చెల్లదంటారు. మా చర్చి నుంచి కొన్ని కుటుంబాలు వాళ్లలోకి పోయాయి. గోదావరికి పోయి మళ్లీ మునిగి వచ్చాయి. అట్లా పోయినవాళ్లలో మా సంఘపెద్ద కొడుకు, కోడలు కూడా ఉన్నారు. సంఘపెద్దను మేమంతా కాక అంటాం. బాయిలో సర్దార్ల మీద అధికారి, ఓవర్‌మన్‌గా రిటైరైన మనిషి, మాట అంటే ఆర్డరే. ఆయన కొడుకు క్వార్టరు మా క్వార్టరూ ఒకే గోడకు ఇటూ అటూ. ఆ కొడుకు మళ్లీ మునిగొచ్చిన రోజు నుంచి కాక ఆ గడప తొక్కలేదు. మందమర్రి పాస్టరు తన కొడుకును మాయ చేసి ఎత్తుకుపోయాడని ఆయన చెప్పేవాడు, మేమూ అట్లాగే అనుకునేవాళ్లం.

ఇప్పుడు అర్థమైంది కదా! త్రిత్వం నేర్పుతున్నాననుకుని నేను పిల్లలకు నేర్పింది సరిగ్గా ఆ టెంటు కింది బోధ. మనిషి ఒక్కడే, వేషాలు మూడు. అటువైపు పాస్టరుకు వీడియో దొరికింది. ఆ రాత్రి కూటంలోనే అందరికీ వినిపించి, వాళ్ల పిల్లలకే నిజం తెలిసిపోయింది చూడండి అన్నాడట. గోరంత నా ఉదాహరణ కొండంత అయి కూచుంది.

మరునాడు పొద్దున నేను గిన్నెలు తోముతుంటే కాక గుమ్మంలోకి వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"ఎప్పటి సంది నడుస్తున్నది గీ కత?"

"ఏం కత కాకా?"

"మా ఇల్లు ముంచినోళ్లతోటి నీకేం పని? పొల్లగాండ్లకు వాళ్ల మాట నేర్పుతవా? ఆదివారం అందరి ముందట నిలవడి మాఫీ అడుగు. లేకుంటె తాళం చెయ్యి ఇచ్చెయ్."

నేను సబ్బు చేతులతోనే నిలబడ్డాను. "నేనెవల తోటి కలవలే. ఉదాహరణ చెప్పిన గంతే. తాళం చెయ్యి మాత్రం ఇయ్య" అన్నాను. ఆయన ముఖం నల్లబడింది. తిరిగి వెళ్లిపోయాడు. ఆయన పోయాక మిగిలిన గిన్నెలు చప్పుడయ్యేలా తోమాను. భయంతో కాదు, కోపంతో.

మధ్యాహ్నానికి పక్కింటి అక్క, అంటే కాక కోడలు, గిన్నెలో సర్వపిండి పట్టుకుని వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. మేమిద్దరం ఏళ్ల తరబడి ఒకరి కూర ఒకరం తిన్నవాళ్లం. ఆమె చర్చి మారాక కూడా కూర మారలేదు.

"నేను చెప్పలేదా చెల్లె, నువ్వు మా దానివే. నీ నోట దేవుడే చెప్పిచ్చిండు. ఇగ జల్ది వచ్చి బాప్తిస్మం తీస్కో."

"నాకు అయింది గదక్కా బాప్తిస్మం."

"అది అయినట్టు కాదు. ముగ్గురి పేరు మీద ఇచ్చింది లెక్కల రాదు."

నాకు సర్రున మండింది. పొద్దున మామ వచ్చి నువ్వు వాళ్లదానివి పొమ్మన్నాడు, మధ్యాహ్నం కోడలు వచ్చి నువ్వు మాదానివి రమ్మంటోంది, రమ్మంటూనే ఇన్నాళ్ల నా బతుకు లెక్కలో లేదంటోంది. రెంటికీ చెడ్డ రేవడి అంటే నేనే! సర్వపిండి తుంచి నోట్లో పెట్టుకున్నాను, తిట్టకుండా ఉండడానికి. నములుతూ ఆలోచించాను. అసలు నేను చెప్పింది నిజమేనా అని మొదటిసారి నన్ను నేను అడిగాను. సర్దార్, నాయిన, కొడుకు. ఒకే మనిషి. మరి ఆ మనిషి కష్టంలో పడితే?

"అక్కా, ఒకటి చెప్పు. ఏసయ్య సిలువకు పోయే ముందట తోటల బోర్లపడి ఏడ్చిండు గద?"

"ఏడ్చిండు."

"తండ్రీ అని పిల్చుకుంట ఏడ్చిండు. ఎవల్ని పిల్చిండు?"

ఆమె గిన్నె మూత సర్దుకుంది. "మా పాస్టరు చెప్పిండు. ఆయన లోపటి మనిషి, లోపటి దేవున్ని పిల్చిండని."

"అంటె ఆయన్ను ఆయనే పిల్చుకున్నడా? మీ ఆయన బాయిల ఏమన్న అయితె ఓ నాయినా అని మీ మామను పిలుస్తడా, లేకుంటె తనను తనే పిల్చుకుంటడా? ఎవ్వలు లేని తోటల ఉత్తగనే ఏడ్చిండంటె నాకు మనసొప్పదక్కా. అటు దిక్కు ఎవలో ఉన్నరు. వింటున్నరు. గట్ల లేకుంటె నేను దవాఖానల బయట కూసోని ఏడ్చినప్పుడు ఎవలు విన్నరు?"

ఇదంతా ముందే అనుకుని అన్నది కాదు. నోటికొచ్చేసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ దవాఖానలకు నా వెంట వచ్చింది ఆమే. కానీ గట్టి మనిషి, తన మాట వదల్లేదు. "నాకు ఒక్కడే అంటేనే నిమ్మలముంటది చెల్లె. ముగ్గురంటె ఎవలకు మొక్కాల్నో తెల్వక పరేషాన్ అయ్యేదాన్ని" అంది. నేనూ నా మాట వదల్లేదు. ఇద్దరం మిగతా సర్వపిండి తిన్నాం. గిన్నె కడిగి ఇచ్చి పంపాను.

ఆ సాయంత్రం నాకు ఒక సంగతి స్పష్టంగా తెలిసింది. నా ఉదాహరణ తప్పు. కాక తప్పన్నాడని కాదు, తోటలో ఏడ్చిన వాణ్ని అది ఒంటరివాణ్ని చేస్తుంది గనుక తప్పు. దాన్ని దిద్దాలి. దిద్దేది కూడా నేనే, నా షెడ్డులో, నా పిల్లల ముందు. మాఫీ గీఫీ పెద్దల ముందు అడిగేది లేదు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చాక చెబితే, "పోనీయ్, ఒక్క మాట అంటె ఏం పోతది" అన్నాడు. "నువ్వు అను పో, నీ నోరు నీ ఇష్టం" అన్నాను. పాపం, ఆయన దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

బుధవారం కమిటీ కూచుంది. నన్ను పిలిచారు. మా అయ్యగారు, అంటే చర్చి పాస్టరు, గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. మెత్తగా మాట్లాడతాడు, గొడవంటే ఆమడ దూరం. కాక ఆయన పక్కనే కూచున్నాడు. మిగతా పెద్దలు గోడ వెంబడి కుర్చీల్లో ఉన్నారు. ఆడమనిషిని నేనొక్కదాన్నే.

"చెప్పింది తప్పని ఒప్పుకుంటవా లేదా?" అన్నాడు కాక.

"ఒప్పుకుంట. పొల్లగాండ్లకు చెప్పిన. పొల్లగాండ్ల ముందటనే దిద్దుకుంట. మైకు పట్టుకోని మీ అందరి ముందట మాత్రం చెప్ప."

"గట్లయితె వేరేటోళ్లు చెప్తరు క్లాసు."

"చెప్పుండ్రి. కని ఆ పిల్ల మళ్ల అడుగుతది, ముగ్గురు ఒక్కడెట్లయితడని. వాళ్లు ఏం చెప్తరో ఇప్పుడే నాకు చెప్పుండ్రి. తప్పయితె మళ్ల ఇదే లొల్లి."

కుర్చీలు కిర్రుమన్నాయి. ఒక పెద్దాయన, అందులో ఏముందన్నట్టు, నీళ్లు, మంచుగడ్డ, ఆవిరి అన్నాడు. మూడూ నీళ్లే కదా అని అందరూ తలలూపారు. అయ్యగారు ఇబ్బందిగా కదిలి, "అదీ అంతేనండి. ఒకే నీళ్లు ఒకసారి మంచు, ఒకసారి ఆవిరి అవుతాయి. అవతలివాళ్లు చెప్పేదీ అదే కదండీ" అన్నాడు. ఇంకొకాయన గుడ్డు అన్నాడు. పెంకు, తెల్లసొన, పచ్చసొన. "అప్పుడు దేవుణ్ని మూడు ముక్కలు చేసినట్టవుతుందండి, పెంకు ఒక్కటే గుడ్డు కాదుగా" అన్నాడు అయ్యగారు. ఇక మూలన కూచున్న ముసలాయనకు ఉత్సాహం వచ్చింది. "మూడు ఆకులు, ఒక్కటే కాడ! మారేడాకు!" అని తొడ చరిచాడు. "ఓ పెద్దమనిషీ, అది శివునికి పెట్టేది గదనే" అని ఎవరో గొణిగారు. నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. అయ్యగారు కూడా తల దించుకుని భుజాలు ఊగేలా నవ్వాడు. కాక ఒక్కడే నవ్వలేదు.

"చాలు! ఆమెకు ఏం సమజయిందో ఆమెనే చెప్పమనుండ్రి" అన్నాడు.

చెప్పాను. పక్కింటి అక్కతో వాదించానని చెప్పలేదు, తోట సంగతి మాత్రం చెప్పాను. అటువైపు ఎవరో లేకపోతే ఆ ఏడుపు ఉత్తదే అన్నాను. అయ్యగారు నెమ్మదిగా తలెత్తి, "మన సంఘం నమ్మేది ఇదేనమ్మా" అన్నాడు. కాక మాత్రం మెత్తబడలేదు. కొడుకు పోయిన మంట అది, నా మీద చూపిస్తున్నాడు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు. చివరికి ఒక మాటకు వచ్చారు. ఈ ఆదివారం నేను చెప్పుకోవచ్చు. కాక వచ్చి కూచుని వింటాడు. మళ్లీ వంకర మాట వస్తే అక్కడికక్కడే తాళం చెయ్యి ఆయనకిచ్చి బయటికి నడవాలి. సరే అన్నాను. ఇంకేమనను?

ఆదివారం కాక ముందే వచ్చాడు. కుర్చీ వేస్తే వద్దని, వెనక గోడకు ఆనుకుని చాప మీదే కూచున్నాడు. మోకాళ్లు నొప్పి ఉన్న మనిషి. పిల్లలు ఆయన్ను చూసి పిల్లుల్లా కూచున్నారు. నేను ప్రార్థన చేసి నేరుగా విషయానికే వచ్చాను.

"పోయిన వారం నేను మీకు ఒక ఉదాహరణ చెప్పిన గద, అది తప్పు. ఏసయ్య తోటల తండ్రిని పిల్చి ఏడ్చిండు. ఒక్కడే మూడు పనులు చేసేటోడయితె ఎవల్ని పిలుస్తడు? తండ్రి వేరే ఉన్నడు, కొడుకు ఏడుస్తుంటె విన్నడు. గందుకే నా ఉదాహరణ తప్పు. దాన్ని మర్చిపోండ్రి."

సర్దార్ కూతురు లేవనే లేచింది. అనుకున్నదే. ఆ పిల్ల లేవకపోతేనే నేను బాధపడేదాన్ని.

"గట్లయితె ఇద్దరాయె. ఆత్మతోటి ముగ్గురాయె. మరి ఒక్కడే అని ఎందుకంటున్నం? ఎట్ల ఒక్కడు?"

వెనక నుంచి కాక చూస్తున్నాడు. విశ్వాస ప్రమాణం గడగడా చదివించి, ఇదే జవాబు, కంఠస్థం చెయ్యండి అనొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. తాళం చెయ్యి నా నడుముకే ఉంటుంది. కానీ ఆ పిల్ల ముఖం చూశాను. నన్ను నమ్మి అడుగుతోంది. ఈసారి అబద్ధం చెప్పదలుచుకోలేదు.

"ఎట్లనో నాకు తెల్వదు" అన్నాను.

"తెల్వకుండ ఎట్ల మొక్కుతం?"

"నువ్వెప్పుడన్న బాయి లోపటికి దిగినవా?"

"లేదు. మమ్ముల దిగనియ్యరు."

"నేను గూడ దిగలే. మా ఆయన లోపట ఎట్ల నడుస్తడో, ఏడ కూసోని అన్నం తింటడో నేను చూడలే. కని ఆయన నాకు తెల్సు. మీ నాయిన నీకు తెల్సు. గింతవరకే నాకు వచ్చు బిడ్డా. ఆ పైన తెల్వదు."

వెనక చప్పుడైంది. కాక గోడ పట్టుకుని లేస్తున్నాడు. నేను నడుము నుంచి తాళం చెయ్యి తీసి చేతిలో పట్టుకున్నాను. ఇస్తే ఇస్తాను గానీ అన్న మాట వెనక్కి తీసుకోను అని పళ్లు బిగబట్టాను.

"టీచరువై పొల్లగాండ్ల ముందట తెల్వదంటవా?" అన్నాడు. గొంతు పెద్దగా లేదు.

నేను జవాబు చెప్పేలోపే ఆ పిల్ల వెనక్కి తిరిగింది. వెక్కిరింపు లేదు, నిజంగానే అడిగింది. "తాతా, నీకు తెల్సా మరి? నువ్వు చెప్పు."

పిల్లలంతా ఆయన వైపు తిరిగారు. ఆయన నోరు తెరిచాడు. అయ్యగారు లేనప్పుడు పుల్పిట్ ఎక్కి గంటసేపు ఆగకుండా మాట్లాడే మనిషి. మాట రాలేదు. గోడ మీద చెయ్యి అట్లాగే ఉంది. తర్వాత ఆయన నన్నూ చూడలేదు, ఆ పిల్లనూ చూడలేదు.

"మా పోరడు గూడ గిదే అడిగిండు" అన్నాడు. "టెంటు రాకముందటి ముచ్చట. ఒక్కడా ముగ్గురా నాకు సమజైతలేదు నాయినా, జెర చెప్పు అని వచ్చి కూసున్నడు. పెండ్లాం పిల్లల ముందట చెంప మీద కొట్టిన. పెద్దమనిషిని, నాకు తెల్వదని ఎట్ల చెప్పాలె?"

నేను తాళం చెయ్యి ఆయన ముందుకు చాపాను, ఇంకేం చెయ్యాలో తోచక. ఆయన దాని మీద నా వేళ్లు ముడిచి నా వైపే తోశాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు.

"ఇయ్యాల వాడు ఏ షిఫ్టు?" అని అడిగాడు. పక్కింటిదాన్ని కదా, నాకు తెలుసు.

"నైట్ షిఫ్టు చేసి వచ్చిండు కాకా. ఇంట్లనే ఉన్నడు" అన్నాను.